స్టాండ్‌బై టెస్టులు ఇరవైకోసారి ఫెయిలవుతుంటే: స్లీప్ తీసేసి ఎల్‌ఎస్‌ఎన్ అడగండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 16, రాతలు తీసుకునే ఒక ప్రైమరీ, దాని మార్పుల్ని అందుకుంటూ చదవడానికి మాత్రమే పనికొచ్చే ఒక స్ట్రీమింగ్ స్టాండ్‌బై, రెండూ డాకర్ కంటైనర్లు. పైటెస్ట్‌లో (పైథాన్ టెస్టు సాధనం) రాసిన టెస్టు ప్రైమరీలో ఒక రో ఇన్సర్ట్ చేసి, 2 సెకన్లు స్లీప్ అయి, స్టాండ్‌బైలో ఆ రో కోసం వెతుకుతుంది. లాప్‌టాప్‌లో ఎప్పుడూ పాస్. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టుల్ని తనంతట తానే నడిపే వ్యవస్థ) ఇరవై రన్‌లకి ఒకటి ఫెయిల్. స్లీప్ 10 సెకన్లకి పెంచితే తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఫెయిలైన టెస్టుని తనంతట తానే మళ్ళీ నడిపే ప్లగిన్ పెట్టుకోవచ్చా?

పెట్టకండి. రెప్లికేషన్ నిజంగా చెడిపోయిన రోజున కనిపించే లక్షణం కూడా ఇదే: ప్రైమరీలో ఉన్న రో స్టాండ్‌బైలో లేదు. టెస్టు తొందరపడిందా, రెప్లికేషన్ ఆగిందా అని తేల్చడమే ఈ టెస్టుకున్న ఏకైక పని. రీరన్ ప్లగిన్ ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి పచ్చ రంగు పూసేస్తుంది. ఇక 10 సెకన్లకి కూడా లొంగలేదంటే మీ దగ్గర కారణాలు కనీసం రెండున్నాయి. మొదటిది సీఐ యంత్రం నెమ్మది. రెండోది దానితో సంబంధం లేనిది, దాని సంగతి కాస్త కింద వివరంగా రాశాను.

ముందు స్లీప్ బదులు ఏం రాయాలో చూద్దాం. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి మార్పూ వాల్‌లో (మార్పుల్ని ముందుగా రాసుకునే చిట్టా) ఒక చోట పడుతుంది, ఆ చోటు నంబరే ఎల్‌ఎస్‌ఎన్. స్టాండ్‌బై వాల్‌ని రాసిన వరుసలోనే రీప్లే చేస్తుంది (ఆ మార్పుల్ని తనలో మళ్ళీ చేస్తుంది), ముందూ వెనకా చేయదు. కాబట్టి మీ కమిట్ (మార్పుని ఖాయం చేయడం) రికార్డుని దాటి రీప్లే జరిగిందంటే ఆ రో స్టాండ్‌బైలో కనిపించి తీరాలి. అప్పటికీ కనిపించకపోతే అది బగ్గే, టెస్టు తప్పు కాదు.

ప్రైమరీలో కమిట్ పూర్తయ్యాక పీజీ_కరెంట్_వాల్_ఎల్ఎస్ఎన్() విలువ తీసుకుని దాచుకోండి. స్టాండ్‌బై దగ్గర పీజీ_లాస్ట్_వాల్_రీప్లే_ఎల్ఎస్ఎన్() ఆ విలువకి సమానమో, దాటిందో 100 మిల్లీసెకన్లకోసారి అడగండి. అవునని వచ్చాకే రో చదవండి. టైమవుట్ 180 సెకన్లు పెట్టండి. పోస్ట్‌గ్రెస్ సోర్సుతో వచ్చే రికవరీ టెస్టులు కూడా ఇదే విరామంతో, ఇదే డిఫాల్ట్ టైమవుట్‌తో నడుస్తాయి. ఇంత పెద్ద టైమవుట్ పెడితే టెస్టు నెమ్మదిస్తుందని భయం అక్కర్లేదు. రీప్లే 40 మిల్లీసెకన్లలో అయిపోతే లూప్ ఆ తర్వాతి చెక్‌లోనే బయటికొస్తుంది. 180 సెకన్లూ గడిచేది నిజంగా ఏదో ఆగినప్పుడే. టైమవుట్ లెక్కకి యంత్రం తేదీ, సమయం చూపే గడియారం కాకుండా వెనక్కి పోని మోనోటోనిక్ క్లాక్ వాడండి.

ఇందులో తప్పటడుగు పడే చోట్లు నాలుగున్నాయి.

ఎల్‌ఎస్‌ఎన్‌ని కమిట్‌కి ముందు తీసుకోవడం మొదటిది. ఇన్సర్ట్ రికార్డు రీప్లే అయినా కమిట్ రికార్డు రాకపోతే రో కనిపించదు. ఓఆర్ఎమ్ (కోడ్‌లోని ఆబ్జెక్టుల్ని టేబుళ్ళకి జతచేసే లైబ్రరీ) వాడేవాళ్ళకి ఇది తరచు తగులుతుంది, ఎందుకంటే ఫ్లష్ అన్న పిలుపు కమిట్ కాదు.

రెండోది ఎల్‌ఎస్‌ఎన్‌లని స్ట్రింగులుగా పోల్చడం. 0/9000000, 0/10000000 రెండింట్లో రెండోదే పెద్దది. పైథాన్ స్ట్రింగ్ పోలికలో మాత్రం మొదటిది పెద్దదౌతుంది. వాల్ ఆ సరిహద్దు దాటే రన్‌లోనే టెస్టు తప్పుగా నడుస్తుంది కాబట్టి కారణం పట్టుకోవడానికి రోజులు పడుతుంది. పోలికని డేటాబేస్‌కే వదిలేయండి, విలువని పీజీ_ఎల్ఎస్ఎన్ టైపుగా కాస్ట్ చేసి పంపండి. ఎంత వెనకబడిందో బైట్లలో కావాలంటే పీజీ_వాల్_ఎల్ఎస్ఎన్_డిఫ్ ఉంది.

మూడోది: ప్రైమరీలోని పీజీ_స్టాట్_రెప్లికేషన్ వ్యూలో రీప్లే_ఎల్ఎస్ఎన్ చూసి సరిపెట్టుకోవడం. అది స్టాండ్‌బై పంపిన కబురు, స్టాండ్‌బై ఇప్పటి స్థితి కాదు. వాల్ రిసీవర్ కొత్త డేటా రాసినప్పుడో, డిస్కుకి పంపినప్పుడో జవాబు పంపుతుంది. రీప్లే మాత్రమే ముందుకి జరిగితే దాని కబురు వాల్_రిసీవర్_స్టేటస్_ఇంటర్వల్ దాకా, అంటే డిఫాల్ట్‌గా 10 సెకన్ల దాకా ఆగొచ్చు. స్టాండ్‌బైని సూటిగా అడిగితే ఈ బెడద లేదు. ఒకవేళ ప్రైమరీ వైపు నుంచే చూడక తప్పదంటే ఆ సెట్టింగ్‌ని టెస్టుల్లో 1 సెకనుకి దించండి.

నాలుగోది సింక్రనస్_కమిట్ ఆఫ్. ఆ సెట్టింగ్‌తో కమిట్ తిరిగొచ్చే సరికి వాల్ ఇంకా బఫర్‌లోనే ఉండొచ్చు. పీజీ_కరెంట్_వాల్_ఎల్ఎస్ఎన్ చెప్పేది రాసిన చోటుని, బఫర్‌లో ఉన్నదాన్ని కాదు. అంటే మీ కమిట్‌కి ముందున్న స్థానం చేతికొచ్చి, వెయిట్ తక్షణం పాసై, రో మాత్రం కనిపించదు. అలాంటి చోట పీజీ_కరెంట్_వాల్_ఇన్సర్ట్_ఎల్ఎస్ఎన్ తీసుకోండి.

స్టాండ్‌బై ఎంత వెనకబడిందో సెకన్లలో కొలిచే పద్ధతుల్ని టెస్టులోకి రానివ్వకండి. నౌ() లోంచి పీజీ_లాస్ట్_జాక్ట్_రీప్లే_టైమ్‌స్టాంప్ తీసేయడం డాష్‌బోర్డులకి అలవాటైన లెక్క. ప్రైమరీలో రాతలే లేనప్పుడు ఆ తేడా దానంతటదే పెరుగుతూ పోతుంది, స్టాండ్‌బై పూర్తిగా సమానంగా ఉన్నా సరే. పీజీ_స్టాట్_రెప్లికేషన్‌లోని రీప్లే_లాగ్ దీనికి తలకిందులు: ప్రైమరీ ఖాళీగా ఉంటే కాసేపటికి నల్ అయిపోతుంది. నల్‌ని సున్నాగా తీసుకునే కోడ్ ఎప్పుడూ పాసవుతుంది.

రిమోట్_అప్లై సంగతి కూడా చెప్పుకోవాలి. సింక్రనస్_స్టాండ్‌బై_నేమ్స్‌లో స్టాండ్‌బై పేరు పెట్టి, సింక్రనస్_కమిట్‌ని రిమోట్_అప్లై చేస్తే, స్టాండ్‌బై రీప్లే చేసేదాకా కమిట్ తిరిగి రాదు. ఇది 9.6 నుంచీ ఉంది. "చదివే ప్రశ్నలు రెప్లికాకి పోతున్నాయా" లాంటి అప్లికేషన్ టెస్టులకి ఇది హాయిగా ఉంటుంది, వెయిట్ కోడే అక్కర్లేదు. కానీ మీ ప్రొడక్షన్ అసింక్ (స్టాండ్‌బై కోసం ఆగకుండానే కమిట్ అయ్యేది) అయితే, టెస్టుల్లో అంతటా ఇదే పెట్టుకుంటే, పాత డేటా చదివే తప్పులు ఒక్కటి కూడా టెస్టుల్లో బయటపడవు. స్టాండ్‌బై చనిపోయే టెస్టుల్లో కమిట్ ఊరికే వేలాడుతుంది కూడా. కావలసిన సెషన్‌లో మాత్రమే సెట్ చేయడం నయం.

ఇప్పుడు 10 సెకన్లకి లొంగని ఆ రెండో కారణం. మీ ఫిక్స్చర్ (టెస్టుకి ముందూ వెనకా నడిచే కోడ్) ప్రతి టెస్టు తర్వాత ట్రంకేట్‌తో టేబుల్ ఖాళీ చేస్తోందని, స్టాండ్‌బై కనెక్షన్‌ని సెషన్ అంతటికీ ఒకటే తెరిచి ఉంచుతోందని అనుకుంటున్నాను. పైటెస్ట్ వాడేవాళ్ళలో ఎక్కువమంది రాసే తీరు అదే. సైకోపీజీలో (పైథాన్‌కి పోస్ట్‌గ్రెస్ లైబ్రరీ) ఆటోకమిట్, అంటే ఒక్కో క్వెరీని తనంతట తానే కమిట్ చేయడం, డిఫాల్ట్‌గా ఆఫ్. అంటే స్టాండ్‌బైలో మొదటి సెలెక్ట్‌తోనే ఒక ట్రాన్సాక్షన్ తెరుచుకుని, ఎవరూ మూయకపోతే అలాగే ఉండిపోతుంది. ఆ ట్రాన్సాక్షన్ చేతిలో టేబుల్ మీద యాక్సెస్ షేర్ లాక్ ఉంటుంది. అటు ప్రైమరీలో ట్రంకేట్ నడిస్తే యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ తీసుకుంటుంది, ఆ లాక్ సంగతి వాల్‌లో స్టాండ్‌బైకి వస్తుంది. దాన్ని రీప్లే చేయాల్సిన స్టార్టప్ ప్రాసెస్ మీ చదివే కనెక్షన్ లాక్ వదిలేదాకా ఆగుతుంది. రీప్లే వరుస తప్పదు కాబట్టి దాని వెనకున్న కమిట్లన్నీ ఆగుతాయి, మీ తర్వాతి టెస్టు రాసిన రోతో సహా.

ఎంతసేపు ఆగుతుంది? మ్యాక్స్_స్టాండ్‌బై_స్ట్రీమింగ్_డిలే దాకా. డిఫాల్ట్ 30 సెకన్లు. మీ స్లీప్ 10. ఆ గడువు తీరాక పోస్ట్‌గ్రెస్ మీ కనెక్షన్‌నే తెంచేస్తుంది, రికవరీతో పేచీ వచ్చిందన్న సందేశంతో. ఇంకో మెలిక: ఆ 30 సెకన్లు ఒక్కో క్వెరీకి ఇచ్చే గడువు కాదు, వాల్ డేటా స్టాండ్‌బైకి అందినప్పటి నుంచి లెక్క. స్టాండ్‌బై అప్పటికే వెనకబడి ఉంటే మీకు మిగిలేది రెండు మూడు సెకన్లే కావొచ్చు, అసలు ఏమీ మిగలకపోవచ్చు. అందుకే ఒక రన్‌లో టైమవుట్, ఇంకో రన్‌లో కనెక్షన్ తెగిందన్న ఎర్రర్, మరో రన్‌లో ఏమీ జరగనట్టు పాస్. మూడూ ఒకే జబ్బు.

నిర్ధారించుకోవడం తేలిక. స్టాండ్‌బై కాన్ఫిగ్‌లో లాగ్_రికవరీ_కాన్‌ఫ్లిక్ట్_వెయిట్స్ ఆన్ చేయండి, ఇది 14 నుంచీ ఉంది. స్టార్టప్ ప్రాసెస్ డెడ్‌లాక్_టైమవుట్ కంటే ఎక్కువసేపు, అంటే డిఫాల్ట్‌గా 1 సెకను దాటి ఆగితే, ఎవరి కోసం ఆగిందో లాగ్‌లో రాస్తుంది. సెషన్లని తెంచిన లెక్క స్టాండ్‌బైలోని పీజీ_స్టాట్_డేటాబేస్_కాన్‌ఫ్లిక్ట్స్‌లో ఉంటుంది. కాన్‌ఫ్ల్_లాక్ అన్న కాలమ్ సున్నా కాకపోతే దొంగ దొరికినట్టే.

మందు: స్టాండ్‌బై కనెక్షన్‌ని ఆటోకమిట్ ఆన్ చేసి తెరవండి. ట్రంకేట్ మానేసి ఒక్కో టెస్టుకి వేరే స్కీమా ఇవ్వండి, తుడిచే పని సూట్ చివర ఒకేసారి చేయండి. మ్యాక్స్_స్టాండ్‌బై_స్ట్రీమింగ్_డిలేని సున్నా చేసి చదివే క్వెరీలని తక్షణం చంపించడం కూడా కొందరు చేస్తారు. నాకది నచ్చదు, టెస్టు తప్పుని డేటాబేస్ మీదికి నెట్టడం అది.

దీనికి తోబుట్టువు ఒకటుంది: వాక్యూమ్, అంటే ఎవరికీ అక్కర్లేని పాత రోలని తుడిచే పని. ప్రైమరీలో ఆటోవాక్యూమ్ పాత రోలు తీసేస్తే, స్టాండ్‌బైలో వాటిని ఇంకా చూడగలిగే స్నాప్‌షాట్ ఉన్న క్వెరీ రీప్లేకి అడ్డొస్తుంది. ఆటోవాక్యూమ్ డిఫాల్ట్‌గా నిమిషానికోసారి లేస్తుంది కాబట్టి నిమిషం లోపు ముగిసే సూట్‌లో ఇది అరుదు, పది నిమిషాల సూట్‌లో మామూలు. టెస్టు టేబుళ్ళకి ఆటోవాక్యూమ్ ఆపడమో, హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ (తన క్వెరీలకి ఇంకా ఏ రోలు కావాలో స్టాండ్‌బై ప్రైమరీకి చెప్పే సెట్టింగ్) ఆన్ చేయడమో చేయొచ్చు. ప్రొడక్షన్‌లో ఫీడ్‌బ్యాక్ ఆఫ్ అయితే మాత్రం, ఈ పేచీని కావాలని రప్పించి, అప్లికేషన్ ఆ క్వెరీని మళ్ళీ ప్రయత్నిస్తుందో లేదో చూసే టెస్టు ఒకటి విడిగా రాసుకోండి.

సెటప్ దగ్గర జరిగే తప్పులు వేరు. అధికారిక పోస్ట్‌గ్రెస్ డాకర్ ఇమేజ్ మొదటిసారి లేచినప్పుడు ఒక తాత్కాలిక సర్వర్‌ని యూనిక్స్ సాకెట్ మీద మాత్రమే నడిపి, ఇనిట్ స్క్రిప్టులు అయ్యాక దాన్ని ఆపి, అసలు సర్వర్‌ని లేపుతుంది. హెల్త్ చెక్‌లో పీజీ_ఈజ్‌రెడీని హోస్ట్ ఇవ్వకుండా పిలిస్తే తాత్కాలిక సర్వరే "సిద్ధం" అంటుంది, మరుక్షణం పోతుంది. 127.0.0.1 అని హోస్ట్ ఇవ్వండి, టీసీపీ మీద అసలు సర్వర్ మాత్రమే పలుకుతుంది. ఇక స్టాండ్‌బై విషయంలో కనెక్షన్లు తీసుకోవడం ఒకటి, స్ట్రీమింగ్ మొదలవడం ఇంకొకటి. ప్రైమరీ పీజీ_స్టాట్_రెప్లికేషన్‌లో ఆ స్టాండ్‌బై రో ఉండాలి, స్టేట్ స్ట్రీమింగ్ అయి ఉండాలి. క్యాచప్ అని ఉంటే ఇంకా ఆగండి. స్టాండ్‌బైలని అప్లికేషన్_నేమ్‌తో గుర్తుపట్టండి, ఒకటి కంటే ఎక్కువుంటే ఒక్కోదానికి ఒక్కో పేరు.

పీజీ_బేస్‌బ్యాకప్ (స్టాండ్‌బై కోసం ప్రైమరీ కాపీ తీసే సాధనం) ఒక్కోసారి నిమిషాల తరబడి కదలకపోతే కారణం చెక్‌పాయింట్, అంటే మెమరీలోని మార్పుల్ని డిస్కుకి దించడం. డిఫాల్ట్‌గా అది నింపాదిగా చేసే చెక్‌పాయింట్ కోసం చూస్తుంది. చెక్‌పాయింట్ ఆప్షన్‌కి ఫాస్ట్ అని ఇవ్వండి. కనెక్షన్ తెగే టెస్టుల కోసం స్టాండ్‌బైలో వాల్_రిట్రీవ్_రిట్రై_ఇంటర్వల్‌ని 5 సెకన్ల నుంచి 500 మిల్లీసెకన్లకి దించండి, పోస్ట్‌గ్రెస్ సొంత టెస్టులు కూడా ఇలాగే చేస్తాయి. ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకి నిజంగా చేరేదాకా ఆగే సెట్టింగ్) ఆఫ్ చేయడం వల్ల వేగం బాగా పెరుగుతుంది. ప్రాసెస్‌ని సిగ్‌కిల్ (తక్షణం చంపే సిగ్నల్) చేసినా రాసింది ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌లో భద్రంగానే ఉంటుంది కాబట్టి క్రాష్ టెస్టులకీ అడ్డు లేదు. కరెంటు పోయినట్టు నటించే టెస్టులకి మాత్రం పనికిరాదు.

స్టాండ్‌బై చాలాసేపు పడిపోయి ఉండే టెస్టులకి రెప్లికేషన్ స్లాట్ (స్టాండ్‌బై ఇంకా అందుకోని వాల్‌ని ప్రైమరీ దాచి ఉంచే ఏర్పాటు) వాడండి. లేకపోతే ప్రైమరీ పాత వాల్ సెగ్మెంట్లని తీసేసి, "అడిగిన వాల్ సెగ్మెంట్ ఇప్పటికే తొలగించబడింది" అన్న అర్థం వచ్చే ఎర్రర్‌తో స్టాండ్‌బై ఎప్పటికీ అందుకోలేదు. స్లాట్ వాడితే వాల్ పేరుకుపోతుంది. ఫెయిలైన టెస్టు వదిలేసిన స్లాట్ సీఐ డిస్కుని నింపేస్తుంది. టియర్‌డౌన్‌లో (టెస్టు తర్వాత శుభ్రం చేసే దశ) స్లాట్ డ్రాప్ చేయండి, దానికి తోడు మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్‌కి ఒక హద్దు పెట్టండి.

ఇప్పటిదాకా "చేరిందా" అన్న టెస్టుల గురించే చెప్పాను. "ఇంకా చేరలేదు" అన్న టెస్టులు ఇంకా కష్టం, ఇంకా విలువైనవి. ఉదాహరణకి స్టాండ్‌బై వెనకబడితే అప్లికేషన్ ప్రైమరీ నుంచి చదువుతుందా అని చూడాలి. ఇన్సర్ట్ చేసి వెంటనే స్టాండ్‌బైలో చదివితే రో లేకుండా ఉంటుందని ఆశపడటం జూదం, వేగమైన యంత్రంలో అప్పటికే చేరిపోతుంది. రీప్లేని మీరే ఆపాలి. స్టాండ్‌బైలో పీజీ_వాల్_రీప్లే_పాజ్() పిలవండి. ఈ ఫంక్షన్ తిరిగొచ్చినంత మాత్రాన రీప్లే ఆగినట్టు కాదు, ఆపమన్న కోరిక నమోదైందంతే. 14 నుంచీ ఉన్న పీజీ_గెట్_వాల్_రీప్లే_పాజ్_స్టేట్() మూడు మాటల్లో ఒకటి చెబుతుంది: ఆగలేదు, ఆపమని అడిగారు, ఆగింది. మూడోది వచ్చేదాకా పోల్ చేయండి. పాజ్ వాడే టెస్టుల్లో అప్పుడప్పుడూ వచ్చే ఫెయిల్యూర్‌కి ఈ మధ్య స్థితే ఎక్కువగా మూలం.

ఆగాక ప్రైమరీలో రాసి, కమిట్ ఎల్‌ఎస్‌ఎన్ తీసుకుని, స్టాండ్‌బైలో పీజీ_లాస్ట్_వాల్_రిసీవ్_ఎల్ఎస్ఎన్ దాన్ని దాటేదాకా ఆగండి. ఇప్పుడు మీకు రెండు సంగతులు ఖాయంగా తెలుసు: డేటా స్టాండ్‌బైకి అందింది, రీప్లే మాత్రం కాలేదు. "రో లేదు" అన్న మాటకి ఇప్పుడే అర్థం ఉంటుంది. లేకపోతే నెట్‌వర్క్ తెగినా ఆ అసర్ట్ (టెస్టు చేసే తనిఖీ) పాసవుతుంది. రెజ్యూమ్ పిలుపుని ఫైనల్లీ బ్లాకులో పెట్టండి, మధ్యలో టెస్టు పడిపోతే తర్వాతి టెస్టులన్నీ ఆగిపోయిన స్టాండ్‌బై మీద నడుస్తాయి.

ఫెయిలోవర్ (ప్రైమరీ పోతే స్టాండ్‌బై దాని చోటు తీసుకోవడం) టెస్టుల్లో అన్నిటికంటే పెద్ద మోసం డాకర్ స్టాప్. అధికారిక ఇమేజ్‌లో అది సిగ్‌ఇంట్ పంపుతుంది, పోస్ట్‌గ్రెస్ దాన్ని ఫాస్ట్ షట్‌డౌన్‌గా తీసుకుంటుంది. ఫాస్ట్ షట్‌డౌన్‌లో ప్రైమరీ మిగిలిన వాల్ అంతా, షట్‌డౌన్ చెక్‌పాయింట్‌తో సహా, కనెక్ట్ అయి ఉన్న స్టాండ్‌బైకి పంపాకే పోతుంది. అంటే ఒక్క రో కూడా పోదు. "ప్రైమరీ పడిపోయినా డేటా పోలేదు" అని ఆ టెస్టు ఏళ్ళ తరబడి పాసవుతుంది, నిజమైన క్రాష్ గురించి ఏమీ చెప్పకుండానే. సిగ్‌కిల్ పంపండి. నెట్‌వర్క్ తెగడం ఇంకో రకం. ప్రాసెస్ చనిపోతే అవతలి వైపుకి కనెక్షన్ మూసిన కబురు వెంటనే అందుతుంది. ఐపీటేబుల్స్‌లో డ్రాప్ పెట్టినా, కంటైనర్‌ని పాజ్ చేసినా ఏ కబురూ అందదు, టైమవుట్ కోసం ఆగాల్సిందే. వాల్_సెండర్_టైమవుట్, వాల్_రిసీవర్_టైమవుట్ రెండూ డిఫాల్ట్‌గా 60 సెకన్లు. టెస్టుల్లో 5కి దించండి. 1కి దించితే సీఐ యంత్రం కాస్త ఊపిరి బిగబట్టినా కనెక్షన్ తెగి కొత్త ఫ్లేకీ (ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే) టెస్టు పుడుతుంది. మర్యాదగా ఆపడం, సిగ్‌కిల్, నెట్‌వర్క్ తెగడం: ఈ మూడు రకాల చావులకీ మూడు టెస్టులుండాలి, ఒకటి రెండోదానికి బదులు కాదు.

ఫెయిలోవర్ తర్వాత ఏం అసర్ట్ చేయాలన్నది జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. అసింక్ రెప్లికేషన్‌లో కమిట్ అయిందని జవాబొచ్చిన రో కూడా పోవచ్చు, అది ఒప్పందంలో భాగం. "ఒక్కటీ పోకూడదు" అని రాస్తే టెస్టు న్యాయంగానే ఫెయిలవుతుంది. ఒకే రైటర్ 1 నుంచి వరుసగా నంబర్లు, ఒక్కో కమిట్‌కి ఒకటి చొప్పున రాస్తే, కొత్త ప్రైమరీలో 1 నుంచి ఏదో ఒక నంబరు దాకా తెగకుండా ఉండాలి. తోక తెగొచ్చు, నడుమ చిల్లు పడకూడదు. సింక్రనస్‌లో, కొత్త ప్రైమరీ ఆ సింక్ స్టాండ్‌బైయే అయితే, జవాబొచ్చిన ప్రతి రో ఉండాలి. రెండింట్లోనూ క్లయింట్‌కి మూడు ఫలితాలుంటాయి: అయింది, కాలేదు, తెలియదు. జవాబొచ్చే లోపు కనెక్షన్ తెగిన రో మూడో రకం, అది ఉన్నా తప్పు కాదు, లేకపోయినా తప్పు కాదు. దాన్ని "కాలేదు" ఖాతాలో వేసి, తర్వాత ఆ రో కనిపించిందని ఫెయిల్ చేసే టెస్టులు చాలా ఉన్నాయి. స్టాండ్‌బైని ప్రైమరీగా మార్చే పీజీ_ప్రమోట్() ముగిశాక కూడా పీజీ_ఈజ్_ఇన్_రికవరీ ఫాల్స్ అయ్యేదాకా పోల్ చేసి, అప్పుడే రాతలు మొదలుపెట్టండి. పాత ప్రైమరీలో తీసుకున్న ఎల్‌ఎస్‌ఎన్‌లని కొత్త టైమ్‌లైన్‌లో (ప్రమోట్ తర్వాత మొదలయ్యే వాల్ శాఖ) పోల్చకండి. నంబరు పెద్దదైనా చరిత్ర వేరు.

లాజికల్ రెప్లికేషన్ (పబ్లిషర్ అనే సర్వర్ రోల మార్పుల్ని సబ్‌స్క్రైబర్ అనే వేరే సర్వర్‌కి పంపే తీరు) అయితే పద్ధతి కాస్త మారుతుంది. ముందు మొదటి కాపీ ముగియాలి: సబ్‌స్క్రైబర్‌లో పీజీ_సబ్‌స్క్రిప్షన్_రెల్‌లోని ప్రతి టేబుల్ స్థితీ "ఆర్" (సిద్ధం) అయ్యేదాకా ఆగండి. ఆ తర్వాతే ఎల్‌ఎస్‌ఎన్ వెయిట్, అదీ పబ్లిషర్ వైపు సబ్‌స్క్రిప్షన్ పేరుతో ఉన్న రీప్లే_ఎల్ఎస్ఎన్ చూసి. సబ్‌స్క్రైబర్‌కి తన వాల్ తనకుంటుంది, దాని ఎల్‌ఎస్‌ఎన్‌కీ పబ్లిషర్ ఎల్‌ఎస్‌ఎన్‌కీ పోలిక లేదు. 16లో టేబుల్ నిర్మాణంలో మార్పులు, సీక్వెన్స్ (వరుస నంబర్లు ఇచ్చేది) విలువలు అటు పోవని గుర్తుంచుకోండి. ఫెయిలోవర్ తర్వాత డూప్లికేట్ కీ ఎర్రర్ వచ్చేది అందుకే. స్టాండ్‌బైలో లాజికల్ స్లాట్ సృష్టించే టెస్టు ఒక్కోసారి చాలాసేపు వేలాడితే, అది ప్రైమరీ నుంచి రన్నింగ్ ట్రాన్సాక్షన్ల రికార్డు కోసం చూస్తోందన్నమాట. ప్రైమరీలో పీజీ_లాగ్_స్టాండ్‌బై_స్నాప్‌షాట్() ఒకసారి పిలిస్తే కదులుతుంది.

వెయిట్ టైమవుట్ అయినప్పుడు టెస్టు ఏం ప్రింట్ చేస్తుందన్నది ఇంతవరకూ చెప్పినవాటన్నిటికంటే ముఖ్యమంటాను. "180 సెకన్లలో రాలేదు" అన్న ఒక్క లైన్‌తో ఎవరూ ఏమీ చేయలేరు. ప్రైమరీ ప్రస్తుత ఎల్‌ఎస్‌ఎన్, పీజీ_స్టాట్_రెప్లికేషన్ మొత్తం, స్టాండ్‌బై రిసీవ్, రీప్లే స్థానాలు, పాజ్ స్థితి, రెండు వైపులా పీజీ_స్టాట్_యాక్టివిటీ, కాన్‌ఫ్లిక్ట్స్ వ్యూ, రెండు సర్వర్ల లాగులు మిల్లీసెకన్ల టైమ్‌స్టాంప్‌తో: ఇవన్నీ టియర్‌డౌన్‌కి ముందే పట్టుకుని సీఐలో ఆర్టిఫాక్ట్‌గా దాచండి. చదివే తీరు ఇది. స్టాండ్‌బై రో అసలు లేకపోతే కనెక్షన్ లేదు, స్టాండ్‌బై లాగ్ చూడండి. సెంట్_ఎల్ఎస్ఎన్ ప్రైమరీ కంటే వెనకుంటే వాల్ సెండర్ దగ్గరో నెట్‌వర్క్‌లోనో అడ్డుంది. ఫ్లష్ ముందుకెళ్ళి రీప్లే వెనకుంటే లాక్ పేచీ, పాజ్, లేదా రీప్లేని కావాలని ఆలస్యం చేసే రికవరీ_మిన్_అప్లై_డిలే. అన్నీ సమానమై రో మాత్రమే లేకపోతే తప్పు టెస్టులో ఉంది, వేరే డేటాబేస్‌లోనో వేరే స్కీమాలోనో చదువుతోంది.

మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్ళూ ఇదే చదువుతుంటారు కాబట్టి నాలుగు మాటలు. అక్కడ ఎల్‌ఎస్‌ఎన్ స్థానంలో జీటీఐడీ, అంటే ఒక్కో ట్రాన్సాక్షన్‌కి ఉండే గుర్తింపు. సోర్సులో కమిట్ తర్వాత గ్లోబల్ జీటీఐడీ_ఎగ్జిక్యూటెడ్ తీసుకుని, రెప్లికాలో వెయిట్_ఫర్_ఎగ్జిక్యూటెడ్_జీటీఐడీ_సెట్ పిలవండి. 0 వస్తే చేరింది, 1 వస్తే టైమవుట్. ఈ తిరుగు విలువని చూడకుండా ముందుకెళ్ళే టెస్టులు లెక్కలేనన్ని. సెకండ్స్_బిహైండ్_సోర్స్‌ని నమ్మకండి, రిసీవర్ థ్రెడ్డే వెనకబడితే అది సున్నా చూపిస్తుంది. ఇన్నోడీబీ డిఫాల్ట్ రిపీటబుల్ రీడ్, పైమైఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ ఆఫ్: ఒకే ట్రాన్సాక్షన్‌లో పోల్ చేస్తే మొదటి స్నాప్‌షాటే మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది, గంట ఆగినా రో రాదు. కనెక్షన్ తెగాక రెప్లికా మళ్ళీ ప్రయత్నించే విరామం డిఫాల్ట్ 60 సెకన్లు, టెస్టుల్లో 1 చేయండి. సెమీసింక్‌లో (కమిట్‌కి ముందు రెప్లికా అందిందని చెప్పేదాకా ఆగే పద్ధతి) అంగీకారం 10 సెకన్లలో రాకపోతే సోర్స్ చడీచప్పుడు లేకుండా అసింక్‌కి మారిపోతుంది, కాబట్టి అసర్ట్‌కి ముందు సెమీసింక్ స్టేటస్ ఆన్‌లోనే ఉందో లేదో చూడాలి. డేటా డైరెక్టరీ కాపీ చేసి రెండు రెప్లికాలు లేపితే ఆటో డాట్ సీఎన్ఎఫ్ ఫైలు తీసేయండి, లేకపోతే రెండింటికీ ఒకే సర్వర్ యూయూఐడీ వచ్చి సోర్స్ దగ్గర ఒకదాన్నొకటి బయటికి గెంటుకుంటాయి.

సరిచేశాక ఎన్నిసార్లు నడిపితే నమ్మొచ్చు? ఇరవైకి ఒకటి ఫెయిలయ్యే టెస్టు ఏమీ మార్చకపోయినా వరుసగా 20 సార్లు పాసయ్యే అవకాశం మూడింట ఒక వంతుకి పైనే. 0.95ని 90 సార్లు గుణిస్తే ఒక శాతం కిందికి వస్తుంది, అందుకని 90 వరుస పాస్‌లు కనీసం. సూట్‌లో ఇలాంటి టెస్టులు 300 ఉండి, ఒక్కోటి వెయ్యికి ఒకసారి మాత్రమే తప్పినా, నాలుగు బిల్డుల్లో ఒకటి ఎర్రగా వస్తుంది. అందుకే ఒక్కో టెస్టు దగ్గర ఇంత పట్టుదల. ఆ 90 రన్‌లూ తీరికగా ఉన్న యంత్రం మీద వద్దు. స్టాండ్‌బై కంటైనర్‌కి సీపీయూని 0.2కి కట్టేసి, టెస్టుల వరుసని ప్రతిసారీ కలిపేసి నడపండి. ముందు పాత కోడ్‌నే అలా నడిపి ఫెయిల్యూర్‌ని రప్పించండి, రేటు రాసుకోండి. ఆ తర్వాత ఆటోకమిట్ మార్పు ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత ఎల్‌ఎస్‌ఎన్ వెయిట్ పెట్టండి. రెండూ ఒకేసారి పెడితే మీ ఇరవైకోసారి ఫెయిల్యూర్‌లో దేని వాటా ఎంతో తెలియదు.